పీపీ నంబర్ నుంచి 1930 దాకా

1990ల దాకా హైదరాబాద్ శివారులోని హయత్‌నగర్, వనస్థలిపురం వైపు అచ్చయిన పెళ్లి శుభలేఖల అడుగున ఫోన్ నంబరు ఉంటే, దాని పక్కన తరచుగా రెండక్షరాలు కనిపించేవి: పి.పి. ఆ ఫోను మాది కాదు, పక్కింటివాళ్లది, చేస్తే పిలుస్తారు అని దానర్థం. ఫోను మోగితే ఆ ఇంటావిడ ఎత్తి, ఎవరు, ఎక్కడి నుంచి, ఏం పని అని కనుక్కుని, ప్రహరీ గోడ మీంచి కేక వేసేది. పిలుపు అందుకున్న పెద్దాయన తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి, ఆ ఇంటి హాల్లో నలుగురి ముందు మాట్లాడి వెళ్లేవాడు. రహస్యం అనేది ఉండేది కాదు. అప్పట్లో అదో ఇబ్బంది. ఫోన్ మోసాల నుంచి పెద్దవాళ్లను ఎలా కాపాడాలన్న ప్రశ్న పుట్టింది మాత్రం ఆ ఇబ్బంది తీరిపోయాకే.

హయత్‌నగర్ మొదటినుంచీ దారి మీది ఊరు. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు వెళ్లే బాటలో, హయాత్ బక్షీ బేగం పేర వెలిసింది. ఆవిడ మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి. ఆవిడ పేరనే ఉన్న 1672 నాటి మసీదు, దాని చుట్టూ బాటసారుల కోసం కట్టిన సరాయి గదులు, పక్కనే హాథీ బౌలి అనే పెద్ద బావి ఆ కాలపు గుర్తులు. కబురు ఈ దారి వెంటే వచ్చేది. తెచ్చినవాడి ముఖం చూసి నమ్మాలా వద్దా అని తేల్చుకునేవారు. నిజాం సర్కారుకు సొంత తపాలా ఉండేది. దాని స్టాంపులు 1869లోనే మొదలయ్యాయి, 1950లో అది భారత తపాలా శాఖలో కలిసింది. టెలిగ్రామ్ పేరు చెబితేనే ఇంటిల్లిపాదికీ గుండె గుబేలుమనేది. అయినా ఆ కాగితం తెచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి ఉండేవాడు, సంతకం పెట్టించుకునేవాడు, చదవడం రానివాళ్లకు చదివి చెప్పేవాడు. 2013 జూలైలో ఆ సేవ ఆగిపోయేనాటికి టెలిగ్రామ్ ఇచ్చేవాళ్లూ అందుకునేవాళ్లూ దాదాపు లేరు.

1978లో హైదరాబాద్ జిల్లా నుంచి రంగారెడ్డి జిల్లా విడిపోయింది. హౌసింగ్ బోర్డు వనస్థలిపురంలో ఇళ్లు కట్టింది, ఆ పక్కనే, పాత బాట మీది హైవేకి రెండువైపులా ఉద్యోగుల కాలనీలు లేచాయి. నల్గొండ, ఖమ్మం, కృష్ణా జిల్లాల నుంచి వచ్చినవాళ్లకు ఈ దిక్కు అనుకూలం: గేటు దాటి బస్సెక్కితే సొంతూరి దారే. టీచర్లు, ఆర్టీసీ వాళ్లు, కరెంటు ఆఫీసు వాళ్లు, సెక్రటేరియట్ గుమాస్తాలు ఇక్కడ స్థలాలు కొన్నారు, ఇక్కడే రిటైరయ్యారు. తరవాత పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగు రోడ్డు వచ్చింది, ఇబ్రహీంపట్నం దాకా భూముల ధరలు పెరిగాయి. పెన్షన్, పీఎఫ్, అమ్మిన పొలం తాలూకు డబ్బు బ్యాంకు డిపాజిట్లలో ఉన్న పెద్దవాళ్లు, అమెరికాలోనో గచ్చిబౌలిలోనో ఉన్న పిల్లలు: ఇక్కడి చాలా ఇళ్ల లెక్క ఇదే. పైఅధికారి ఫోన్ చేస్తే లేచి నిలబడి మాట్లాడిన తరం ఇది. సర్కారు ముద్ర ఉన్న కాగితాన్ని కళ్లకద్దుకోకపోయినా, దాచిపెట్టుకున్న తరం. ఫోన్ మోసగాడు వాడుకున్నది వాళ్ల తెలియనితనాన్ని అనుకుంటారు. నిజానికి వాడికి ఎక్కువ పనికొచ్చింది ఈ క్రమశిక్షణే.

1984లో ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ మొదలైన తరవాత దేశమంతటా పసుపు బోర్డుల ఎస్‌టీడీ బూత్‌లు వెలిశాయి. గాజు తలుపు, లోపల చిన్న ఫ్యాను, ఎదురుగా ఎర్రటి అంకెలు పరిగెత్తే మీటరు. ఆ అంకెల మీద కన్నేసి మాట్లాడటం వల్ల మాట పొదుపుగా ఉండేది. రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గేది కనుక భోజనాలయ్యాక బూత్ ముందు వరస కట్టేవారు. బయట కూర్చున్న కుర్రాడు నంబరు కలిపి ఇచ్చేవాడు, కాల్ అయ్యాక బిల్లు కాగితం చింపి చేతిలో పెట్టేవాడు, ఏడ్చుకుంటూ బయటికొచ్చిన వాళ్లను ఏమైందని అడిగేవాడు. అతనిది కాపలా ఉద్యోగం కాదు. పెద్దవాళ్లు ఎవరితో ఎందుకు మాట్లాడుతున్నారో తెలిసిన మనిషి ఒకడు పక్కన ఉండేవాడు, అంతే. ఆపైన డబ్బు పంపాలంటే మనియార్డరో డీడీయో తప్పదు, ఆ రెండింటికీ కౌంటర్ దగ్గర నిలబడక తప్పదు.

1995 జూలై 31న దేశంలో మొదటి మొబైల్ కాల్ వెళ్లింది. 2003లో ఇన్‌కమింగ్ కాల్స్ ఉచితమయ్యాయి. ఈ రెండో మార్పే పెద్దవాళ్ల విషయంలో అసలు మలుపు. పిల్లలు కొత్త ఫోను కొనుక్కుని పాతది అమ్మానాన్నల చేతిలో పెట్టారు. చేయడం రాకపోయినా ఎత్తడం వస్తే చాలు. ఎవరైనా, ఎక్కడినుంచైనా, వంటింట్లో ఉన్న పెద్దావిడ చెవిలో నేరుగా మాట్లాడే వీలు కలిగింది.

మొదట వచ్చినవి బహుమతి మోసాలు. కౌన్ బనేగా కరోడ్‌పతి పేర లాటరీ తగిలిందని, 25 లక్షలు ఇంటికి రావాలంటే పన్ను కింద కొంత ముందు కట్టాలని కాల్స్ వచ్చేవి. హయత్‌నగర్ చుట్టుపక్కల ఇంకా పొలాలు మిగిలి ఉన్న ఊళ్లకు సరిగ్గా అతికే మోసం మరొకటి: మీ స్థలంలో సెల్ టవర్ పెడతాం, నెలనెలా అద్దె, లక్షల్లో అడ్వాన్సు, కాకపోతే ముందు సర్వే ఫీజు కట్టాలి. టవర్లకు తాము అనుమతి పత్రాలు ఇవ్వమని, ఫీజులేవీ వసూలు చేయమని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పదేపదే ప్రకటనలు ఇవ్వాల్సి వచ్చింది. ఈ మోసాలన్నీ ఆశ మీద నడిచాయి. ఆశపడి పోగొట్టుకున్నవాడికి ఊళ్లో సానుభూతి ఉండదు, అందుకే అవి చాలావరకు పోలీస్ స్టేషన్ దాకా రాలేదు.

2010 తరవాత ఆశ స్థానంలో కంగారు వచ్చింది. "సార్, మీ ఏటీఎం కార్డు బ్లాక్ అయింది" అన్న వాక్యంతో మొదలయ్యే కాల్స్‌కు జార్ఖండ్‌లోని జామ్‌తాడా జిల్లా దేశమంతా పేరుమోసింది. 2020లో దాని మీద నెట్‌ఫ్లిక్స్ సిరీస్ కూడా వచ్చింది. మాట్లాడేది హిందీలో కనుక కోస్తా పల్లెల్లో భాషే అడ్డుగోడ అయ్యేది. అవతలివాడు చెప్పేది అర్థంకాక ఫోను పెట్టేసినవాళ్లు బతికిపోయారు. హైదరాబాద్ శివారులో ఉన్నవాళ్లకు ఆ అదృష్టం లేదు, ఇక్కడ ఉర్దూ హిందీలు అందరికీ ఎంతోకొంత వచ్చు.

ఈ దశలో కట్టిన రక్షణలన్నీ తాళాలే. కార్డుతో ఆన్‌లైన్ చెల్లింపులకు రెండో ధ్రువీకరణ ఉండాలని రిజర్వ్ బ్యాంక్ 2009 నుంచి పట్టుబట్టింది, అందులోంచే ఓటీపీ ఇంటింటి మాట అయింది. అక్కర్లేని వ్యాపార కాల్స్ ఆపడానికి 1909 నంబరు వచ్చింది. ఖాతాదారుడి తప్పు, బ్యాంకు తప్పు లేకుండా డబ్బు పోయి, మూడు పని దినాల్లో బ్యాంకుకు చెబితే నష్టం ఖాతాదారుడిది కాదని 2017 జూలై 6న రిజర్వ్ బ్యాంక్ ఆదేశించింది. మంచి నిబంధనే. కానీ ఓటీపీ తనంతట తానే చెప్పిన పెద్దాయనకు అది వర్తించదు; ఆయన నోటితో ఆయనే తాళం తీశాడు. దొంగ తాళం పగలగొట్టే పని మానేసి, తీయించుకోవడం నేర్చుకున్నాడు. తరవాతి చరిత్రంతా ఈ ఒక్క కిటుకు చుట్టూనే తిరిగింది.

తాళాలు తయారయ్యే చోట కూడా కన్నాలు పడ్డాయి. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల డిస్ట్రిబ్యూటర్, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఉన్న భూమి దస్తావేజుల నుంచి రైతుల వేలిముద్రలు తీసి, వాటితో రబ్బరు ముద్రల్లాంటివి చేసి వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడని పోలీసులు తేల్చారు. అతను చేసింది అమ్మకాల టార్గెట్ కోసం. అయినా ఒక సిమ్ ఎవరి పేర ఉందో చూసి మనిషిని పట్టుకోగలమన్న ధీమా ఆ కేసుతో సడలింది.

2016 ఏప్రిల్‌లో యూపీఐ, సెప్టెంబరులో జియో, నవంబరులో నోట్ల రద్దు. ఒక్క ఏడాదిలో పెద్దవాళ్ల ఫోను పర్సుగా మారిపోయింది. కేవైసీ గడువు అయిపోయింది, ఫలానా యాప్ వేసుకోండి అని చెప్పి, స్క్రీన్ మొత్తం అవతలివాడికి కనిపించేట్టు చేసే మోసం వచ్చింది. ఎనీడెస్క్ లాంటి యాప్‌ల గురించి 2019 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంక్ హెచ్చరించింది. రాత్రి తొమ్మిదికి కరెంటు తీసేస్తామన్న మెసేజ్‌లు వచ్చాయి. 2014లో కేంద్రం డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ల కోసం జీవన్ ప్రమాణ్ మొదలుపెట్టాక, ఏటా నవంబరు దగ్గర పడుతుంటే పెన్షనర్లకు లైఫ్ సర్టిఫికెట్ పేరుతో దొంగ కాల్స్ రావడం మామూలైంది. యూపీఐలో ఒకరినుంచి మరొకరు డబ్బు అడిగే 'కలెక్ట్' విన్నపాన్ని, అది మోసాలకు బాగా అక్కరకొస్తోందని, 2025 అక్టోబరు 1 నుంచి యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ఆపేసింది.

వీటన్నిటినీ మించింది 'డిజిటల్ అరెస్ట్'. మీ పేరుతో పోతున్న పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయనో, మీ ఆధార్‌తో తీసిన సిమ్ నేరంలో వాడారనో మొదలవుతుంది. కాల్‌ను ముంబై పోలీసులకు, సీబీఐకి కలుపుతున్నామంటారు. వాట్సాప్ వీడియోలో యూనిఫాం, వెనక గోడ మీద చిహ్నం, చేతిలో ముద్రలున్న వారంటు. కెమెరా ఆపొద్దు, గది దాటి బయటికి రావద్దు, భార్యకైనా చెబితే ఆవిడ మీదా కేసవుతుంది. డబ్బు 'పరిశీలన' కోసం ఫలానా ఖాతాలోకి మార్చాలి, తప్పులేదని తేలితే తిరిగొస్తుంది. ఇందులో ఓటీపీ అడగరు, యాప్ వేయించరు. బ్యాంకుకు వెళ్లి ఆర్‌టీజీఎస్ చేసి రమ్మంటారు, ఫోను జేబులో ఆన్‌లోనే ఉంచి. సాంకేతిక తాళం ఏదీ దీనికి అడ్డం రాదు. అన్నిటికంటే ముందు వాళ్లు తెంపేది ఇంట్లో మనిషితో మాటను.

చదువుకున్నవాళ్లు, డబ్బున్నవాళ్లు, లోకం చూసినవాళ్లు దీనికి చిక్కారు. లూధియానాకు చెందిన వర్ధమాన్ గ్రూప్ ఛైర్మన్ ఎస్.పి. ఓస్వాల్ 2024లో, 82 ఏళ్ల వయసులో, వీడియోలో దొంగ సుప్రీంకోర్టు విచారణ కూడా చూసి 7 కోట్లు పోగొట్టుకున్నారు. ఆ ఏడాది జనవరి నుంచి ఏప్రిల్ వరకే ఈ రకం మోసంలో దేశవ్యాప్తంగా 120 కోట్ల రూపాయలకు పైగా పోయినట్టు కేంద్ర హోంశాఖ కింద ఉన్న సైబర్ నేరాల విభాగం ఐ4సీ లెక్క. అక్టోబరు 27న ప్రధాని మన్ కీ బాత్‌లో దీని గురించే మాట్లాడారు. 2025 సెప్టెంబరులో హైదరాబాద్‌లో 76 ఏళ్ల రిటైర్డ్ డాక్టర్ ఒకరు దాదాపు 70 గంటలు ఇలాంటి నిర్బంధంలో ఉండి, 6.6 లక్షలు పంపాక, గుండెపోటుతో చనిపోయారు.

అసలు చట్టం చెప్పేది దీనికి పూర్తిగా తలకిందులు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35వ సెక్షన్ ప్రకారం, మూడేళ్లలోపు శిక్ష పడే కేసుల్లో 60 ఏళ్లు దాటినవారిని అరెస్టు చేయాలంటే డీఎస్పీ స్థాయి అధికారి ముందస్తు అనుమతి ఉండాలి. హాజరు కమ్మనే పోలీసు నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. వీడియోలో అరెస్టు అన్నది ఏ చట్టంలోనూ లేదు. అయితే ఖాకీ చొక్కా కనిపించిన క్షణంలో సెక్షన్ గుర్తొచ్చేంత నిబ్బరం ఎంతమందికి ఉంటుంది?

ఆ నిబ్బరం పక్కవాడికి ఉంటే చాలని చూపిన ఘటన 2024లో హైదరాబాద్‌లోని ఒక స్టేట్ బ్యాంక్ శాఖలో జరిగింది. పాత ఖాతాదారుడైన 61 ఏళ్ల డాక్టర్ వచ్చి ఫిక్స్‌డ్ డిపాజిట్లు రద్దు చేయమన్నారు. ఎందుకని కౌంటర్‌లోని ఉద్యోగి అడిగితే సొంత అవసరం అన్నారు, మళ్లీ అడిగితే స్థలం కొంటున్నానన్నారు. ముఖంలో కంగారు, మాటలో పొంతన లేకపోవడం. బ్యాంకు వాళ్లు డబ్బు పంపలేదు. ఇంట్లోవాళ్లను తీసుకుని రమ్మన్నారు. ఆయన మళ్లీ వచ్చినా అదే మాట మీద నిలబడ్డారు, చివరికి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించారు. డిజిటల్ అరెస్ట్ అనేదే లేదని అవతల గొంతు చెప్పాక గానీ ఆయన కుదుటపడలేదు. 13 లక్షలు మిగిలాయి. ఎస్‌టీడీ బూత్ కుర్రాడు అడిగే ప్రశ్ననే ఇక్కడ బ్యాంకు ఉద్యోగి అడిగారు.

ఫోను అవతలి మనిషి కథ కూడా తెలుగువాళ్లకు దూరమైంది కాదు. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కేసులో, డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మి కంబోడియా వెళ్లిన యువకుల పాస్‌పోర్టులు లాక్కుని, వాళ్లతో బలవంతంగా ఇలాంటి మోసాలు చేయించారని తేలింది. ఆ నెలలోనే అక్కడి సిహనూక్‌విల్‌లో భారతీయులు తిరగబడ్డారు. సిరిసిల్ల వైపు నుంచి వెళ్లినవాళ్ల విషయంలోనూ తెలంగాణలో కేసులయ్యాయి. ఫోను అవతల తెలుగువాడే ఉండొచ్చు కనుక, హిందీ రాక బతికిపోవడమనే పాత అదృష్టం పోయింది. విదేశాల నుంచి వస్తూ +91 నంబరుగా కనిపించే కాల్స్‌ను ఆపే వ్యవస్థను కేంద్రం 2024 అక్టోబరు 22న మొదలుపెడితే, మొదటి 24 గంటల్లోనే 1.35 కోట్ల కాల్స్ ఆగాయి.

గొంతును కూడా నమ్మలేని దశ డిజిటల్ అరెస్ట్‌లకు సమాంతరంగా వచ్చింది. జపాన్‌లో 2003 ప్రాంతానికే 'నేనే, నేనే' అంటూ మనవడిలా మాట్లాడి ముసలివాళ్ల డబ్బు కాజేసే మోసం ఎంత పెరిగిందంటే దానికి ఓ పేరే స్థిరపడింది, అక్కడ నటన చాలు. 2023లో హైదరాబాద్‌లో 59 ఏళ్ల మహిళకు కెనడాలో ఉన్న మేనల్లుడి గొంతు, వాళ్లింట్లో మాట్లాడే పంజాబీలోనే వినిపించింది. యాక్సిడెంట్ అయింది, ఎవరికీ చెప్పొద్దన్నాడు. 1.4 లక్షలు పోయాయి. అది కృత్రిమ మేధతో చేసిన గొంతని పోలీసులు అనుమానించారు. పిల్లలు విదేశాల్లో ఉన్న హయత్‌నగర్ ఇళ్లలో ఈ వార్త తరవాత కొందరు ఇంటి గుట్టు మాట ఒకటి పెట్టుకోవడం మొదలుపెట్టారు: చిన్నప్పటి కుక్క పేరో, సొంతూరి చెరువు పేరో. ఫోన్ పెట్టేసి తెలిసిన నంబరుకు తిరిగి చేయడం దానికంటే తేలిక, ఖర్చూ లేదు.

ప్రభుత్వం వైపు నుంచి పనికొచ్చే ఏర్పాటు 2021లో వచ్చింది. మొదట 155260గా మొదలైన హెల్ప్‌లైన్ తరవాత 1930 అయింది. కాల్ రాగానే ఫిర్యాదు నమోదవుతుంది, డబ్బు చేరిన బ్యాంకుకు సమాచారం వెళుతుంది, అక్కడ ఇంకా మిగిలి ఉంటే ఆ మొత్తం హోల్డ్ అవుతుంది, దాటిపోతే తరవాతి బ్యాంకుకు. మొదటి గంట రెండు గంటలే కీలకం, ఎందుకంటే డబ్బు అద్దె ఖాతాల మీదుగా నిమిషాల్లో చీలిపోతుంది. 2024లో హైదరాబాద్‌లో ఒకే బ్యాంకు శాఖలోని ఆరు ఖాతాల్లో రెండు నెలల్లో 175 కోట్లు తిరిగినట్టు బయటపడింది. 2023లో ఏర్పాటైన తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో లెక్క ప్రకారం 2024లో రాష్ట్రంలో పోయిన మొత్తం 1,866 కోట్లు. 1930 ప్రచారానికి కాలర్ ట్యూన్‌గా వాడింది అమితాబ్ బచ్చన్ గొంతును. ఒకప్పటి లాటరీ మోసాల్లో దొంగలు పంపిన పోస్టర్ల మీద ఉండేదీ ఆయన బొమ్మే.

పెద్దవాళ్లకు ప్రత్యేకంగా ఉన్న 14567 ఎల్డర్ లైన్ పుట్టింది హైదరాబాద్‌లోనే. టాటా ట్రస్ట్స్, విజయవాహిని సంస్థ 2017 నుంచి రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ఇక్కడ నడిపిన సేవే 2021లో దేశమంతటికీ విస్తరించింది. మోసం ఫిర్యాదులకు అది బదులు కాదు గానీ, ఒంటరిగా ఉన్న మనిషి ఎవరినైనా అడగడానికి ఓ నంబరు. బ్యాంకుల్లో పాతకాలపు జాయింట్ ఖాతా, రోజువారీ పరిమితి తగ్గించుకోవడం ఇప్పటికీ పనిచేసేవే. 2024 ఆగస్టులో వచ్చిన యూపీఐ సర్కిల్‌లో, నాన్న ఫోను నుంచి వెళ్లే చెల్లింపుకు కూతురి ఫోన్లో పిన్ కొట్టాలని పెట్టుకోవచ్చు. దీన్ని నిఘాగా తీసుకునే పెద్దవాళ్లున్నారు, వాళ్ల అభ్యంతరం న్యాయమే: ముప్ఫై ఏళ్లు ఇంటి లెక్క చూసినాయన పాల డబ్బులకు కూతుర్ని అడగాలా? అందుకే చాలా ఇళ్లలో రెండు ఖాతాల పద్ధతి కుదిరింది. ఫోనుకు కలిపిన ఖాతాలో నెల ఖర్చు, డిపాజిట్లున్న ఖాతా ఫోనుకు కలపకుండా పాస్‌బుక్‌తోనే.

2025 అక్టోబరులో, అంబాలాకు చెందిన వృద్ధ దంపతులు దొంగ కోర్టు ఉత్తర్వులు చూసి కోటికి పైగా పోగొట్టుకుని రాసిన లేఖను సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుంది, డిసెంబరు 1న డిజిటల్ అరెస్ట్ కేసుల దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. తెలంగాణలో హోల్డ్ అయిన డబ్బును బాధితులకు త్వరగా ఇప్పించడానికి 2024లో రాష్ట్ర న్యాయసేవాధికార సంస్థతో కలిసి లోక్ అదాలత్ దారి వేశారు. రంగారెడ్డి జిల్లా కోర్టులు ఎల్‌బీ నగర్‌లో ఉన్నాయి కనుక హయత్‌నగర్ వాళ్లకు అది ఒకే బస్సు ప్రయాణం. ఫిర్యాదు నంబరు, బ్యాంకు స్టేట్‌మెంట్, గుర్తింపు కార్డు పట్టుకుని వెళ్లాలి. తిరిగొచ్చేది పోయినదంతా కాదు, హోల్డ్ పడిన మొత్తం వరకే.